జొన్నగింజంత

గురువారం పొద్దున సిద్దమ్మ గుమ్మం ముందర నిలబడగానే సుచరిత సబ్బుపెట్టె తెచ్చి వీధి కొళాయి గట్టు మీద పెట్టింది. పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి, "మోచేతుల దాకా కడుక్కో సిద్దమ్మా. గోళ్ళ సందులు గూడ" అంది.

సిద్దమ్మ చేతిసంచి కింద పెట్టింది. సంచిలో అలసందకాయలున్నాయి. ఆ ఇంటికి ఆమె ఉత్త చేతులతో ఎప్పుడూ రాలేదు. కొంగు నడుముకు దోపుకుని, కొళాయి తిప్పి, సబ్బు రుద్దడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళు ఈ ఇంటి వసారాలోనే విత్తనాలకని చెనిక్కాయలు, అంటే వేరుశనక్కాయలు ఒలిచిన చేతులు అవి. కుడి బొటనవేలి పక్కన చర్మం కాయ కాసి నల్లబడింది. ఎంత రుద్దినా అది తెల్లబడదు. ఎదురింటి నాగలక్ష్మమ్మ ముగ్గు వేస్తున్నదల్లా ఆపి తలెత్తి చూసింది. చూడదా మరి, నడివీధిలో మనిషిని నిలబెట్టి చేతులు కడిగిస్తుంటే?

రాజ్యలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూస్తూనే ఉంది. కోడలి మీద కోపం ముక్కు దాకా వచ్చింది గానీ నోటి దాకా రాలేదు. తప్పని ఎట్లా అంటుంది? లోపల ఏడేళ్ళ మనవరాలు శ్రీవాసవి ఉంది. ఆ పిల్లకు చెనిక్కాయ పడదు. రెండేళ్ళప్పుడు చెనిక్కాయల బెల్లపుండ ఒక్క కొరుకు కొరికితే పెదవులు ఉబ్బి, ఊపిరి అందక, చేతుల్లోంచి జారిపోయేటట్లయింది. ఆనాటినుంచి ఆ ఇంటి గడప చెనిక్కాయ దాటకూడదు, చెనిక్కాయ నూనె దాటకూడదు, వాటిని ముట్టుకున్న చెయ్యి కడగకుండా దాటకూడదు. సుచరిత చేసేది తప్పు కాదు. తప్పు కాకపోయినా కంటితో చూడలేకపోతోంది, అదీ రాజ్యలక్ష్మమ్మ బాధ.

"లోపలికి రా సిద్దమ్మా, కాఫీ తాగి పోదువు" అంది.

సిద్దమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకోబోయి ఆగింది. కొంగు నిండా పొట్టు దుమ్ము.

"వద్దులే శెట్టెమ్మా. చేతులంటే కడుక్కుంటి, చీర యాడ ఇడుస్తును?" నవ్వుతూనే అంది. "నరసన్న కళ్ళంలో విత్తనాలు ఒలుస్తాండాము. ఈ తూరి వాన లేటు గదా, అందరికీ ఒకేసారి కావల్లంట. పోతా."

చేతులు గాలికి విదిలించుకుంటూ వెళ్ళిపోయింది. సుచరిత అలసందకాయలను సంచితో సహా నీళ్ళతొట్టిలో ముంచింది.

రాజ్యలక్ష్మమ్మ లేచి దేవుడి గదిలోకి పోయింది. దీపం పెట్టి, పాపను పిలిచి, తలుపు దగ్గరకు వేసింది. పీట కింది నుంచి పాత వెండి భరిణె తీసింది. అది వాళ్ళమ్మ కుంకుమ పెట్టుకున్న భరిణె. ఇప్పుడు అందులో కుంకుమ లేదు. నాగలక్ష్మమ్మ ఇంట్లో వేయించి, పొట్టు ఊది, మెత్తగా నూరి తెచ్చిన చెనిక్కాయ పొడి ఉంది.

వేలి కొసకు అంటినంత పొడి తీసి, కొంచెం బెల్లంతో కలిపి రెండు వేళ్ళ మధ్య నలిపింది. సజ్జగింజంత ఉండ. మొదటి వారం ఆవగింజంత, రెండో వారం కొర్రగింజంత, ఈ వారం సజ్జగింజంత. శనివారం నుంచి జొన్నగింజంత. ఇవాళ్టికి ఇరవై రోజులు. పాపకు ఒక్క దద్దురు లేవలేదు.

ఇది ఆమె కనిపెట్టిన వైద్యమేమీ కాదు. వేసవిలో కర్నూలుకు పోయినప్పుడు పిల్లల డాక్టరు సుప్రజ నోటితోనే విన్నది. బయటి దేశాల్లో ఇట్లాంటి పిల్లలకు రవ్వంత రవ్వంత తినిపిస్తూ అలవాటు చేసి చూస్తున్నారని ఆమె చెప్పింది. ఇంకా పరీక్షల్లోనే ఉందనీ, మన దగ్గర ఎవరూ ఇంట్లో చేయకూడదనీ కూడా చెప్పింది. మొదటి మాట రాజ్యలక్ష్మమ్మ గుండెలో కూర్చుంది. రెండో మాట జీపు ఎక్కేలోపలే జారిపోయింది.

పాప నాలుక చాపింది. మింగింది. నాలుకను పైపళ్ళకు రెండుసార్లు గీరుకుంది.

"నీళ్ళు, జేజీ."

"ఏమన్నా అయితాందా బంగారూ?"

"ఊహూ. ఏం కాలా." చెంబెడు నీళ్ళూ తాగేసి జేజి ఒళ్ళో కూర్చుంది. "మళ్ళీ చెప్పు జేజీ. విత్తనాలు ఒలిచేటప్పుడు ఎంతమంది వస్తాండ్రి?"

"పదహైదు మంది. ఒగోసారి ఇరవై. వసారా సాలక వాకిట్లో గూడా గోతాలు పరుస్తాంటిమి. సిద్దమ్మ పాట ఎత్తుకుంటే ఈ వీధంతా వినపడేది. మధ్యాన్నం అందరికీ కొర్రన్నం, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి. మీ నాయన నీయంత ఉన్నప్పుడు పొట్టు కుప్పలో పడుకుని నిద్రపోతాండె."

"నాకు బాగైతే వాళ్ళంతా మళ్ళీ వస్తారా?"

"రాకేం. వచ్చే ఏటికి నువ్వే వాళ్ళ మధ్య కూచుందువు."

పాప నవ్వి, గొంతు సవరించుకుంది. ఆ సవరింపు రాజ్యలక్ష్మమ్మ చెవిన పడింది. పడినా పట్టించుకోలేదు, ఆమె మనసు వసారాలో ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె కాళ్ళు వాటంతట అవే నరసన్న కళ్ళం వైపు నడిచాయి. గుడికని చెప్పి బయల్దేరింది, గుడి దాటిపోయింది.

రేకుల కొట్టం కింద పదిమంది ఆడవాళ్ళు వలయంగా కూర్చున్నారు. చిటుకు చిటుకుమని కాయలు చిట్లుతున్న చప్పుడు వాకిట్లోకే వినిపించింది. మిషను వేస్తే గంటలో అయ్యే పని అది. కానీ మిషను విత్తనం మీది ఎర్రపొరను చీలుస్తుంది. పొర చీలిన గింజ భూమిలో మొలవదు. అందుకే ఎన్ని మిషన్లొచ్చినా విత్తనం మాత్రం చేత్తోనే ఒలవాలి. కాయ ముక్కు పైకి పెట్టి, అతుకు మీద బొటనవేలితో అదిమితే రెండుగా విడిపోవాలి. గట్టిగా అదిమితే గింజ నలుగుతుంది, మెల్లగా అదిమితే పొద్దుగూకినా పని తెమలదు.

"ఓయమ్మ, శెట్టెమ్మే వచ్చినాదే. కూలికొచ్చినావా ఏందమ్మా?" అంది హనుమంతమ్మ. ఆమె వయసు అరవై, నోటి వయసు మాత్రం పదహారు.

"కూలి ఇస్తే వద్దంటానా" అని రాజ్యలక్ష్మమ్మ సిద్దమ్మ పక్కన గోతం మీద కూలబడింది.

ఐదేళ్ళయింది ఆమె విత్తనానికని కాయ ఒలిచి. మొదటి రెండు నలిగిపోయాయి, హనుమంతమ్మ నవ్వింది. మూడోది సరిగ్గా విచ్చుకుంది. తర్వాత వేళ్ళే పని అందుకున్నాయి. పొట్టు వాసన, ఎండిన మట్టి వాసన, పక్క మనిషి చెమట వాసన. ఎర్రటి గింజలు ఒళ్ళోకి రాలుతుంటే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఎంత బాగుండేవి ఆ రోజులు. ఇల్లంటే అట్లా ఉండాలి, మనుషులతో, మాటలతో. ఇప్పుడు తన ఇంట్లో గోడగడియారం చప్పుడు తప్ప ఏముంది? కొడుకూ మొగుడూ పొద్దున్నే అంగడికి పోతారు. కోడలు డబ్బాల మీది అక్షరాలు చదువుకుంటూ వంట చేస్తుంది. వీధి పిల్లలు ఏమి తిని వచ్చారో అడగకుండా పాపను వాళ్ళతో ఆడుకోనివ్వదు.

ఉండబట్టలేక సిద్దమ్మ చెవిలో అంతా చెప్పేసింది. భరిణె సంగతి, ఆవగింజ, కొర్రగింజ, ఇరవైయొక్క రోజులు.

సిద్దమ్మ చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది. "సుచరితమ్మకు తెల్సునా?"

"తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాది."

"డాక్టరమ్మకు?"

"ఆమె చెప్పిన మాటే గదా."

"ఆమె నిన్ను చేయమనిందా, యాడనో చేస్తాండారనిందా శెట్టెమ్మా?"

రాజ్యలక్ష్మమ్మకు చుర్రుమంది. "వీధి కొళాయి దగ్గర నిన్ను నిలబెట్టి చేతులు కడిగిస్తాంటే నా ప్రాణం ఉసూరుమంటాంది. నువ్వు మళ్ళీ తలెత్తుకుని నా వసారాలో కూచోవాలని గాదా ఇదంతా? నీకు రావాలని లేదా?"

"ఉండాది" అంది సిద్దమ్మ. కాయ చిట్లించి గింజలు జల్లలో వేసింది. "పాప బాగుండాల్నని గూడా ఉండాది. చేతులు కడుక్కుంటే నాకేం అరిగిపోవులే. నువ్వు డాక్టరమ్మను అడుగు."

రాజ్యలక్ష్మమ్మ ముఖం ముడుచుకుని లేచింది. నాగలక్ష్మమ్మ పెరట్లో తలస్నానం చేసి, వేరే చీర కట్టుకుని ఇల్లు చేరింది. ఆ జాగ్రత్త మాత్రం ఎప్పుడూ మరవలేదు.

శనివారం శ్రావణంలో మొదటి శనివారం. వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. ఆ ఇంట్లో పిల్లలు నామం పెట్టుకుని, రాగిచెంబు పట్టుకుని ఐదిళ్ళకు పోయి గోవిందా అని బియ్యం అడిగి తేవాలి. ఆ ఉపాదానం బియ్యంతోనే నైవేద్యం వండాలి. పాప ఈ ఏడు తానూ జేజితో పాటు ఒక్కపొద్దు ఉంటానని మొండికేసింది.

"పాలన్నా తాగు" అంది సుచరిత.

"తాగితే స్వామికి కోపమొస్తాది."

"ఒక్కపూటే గదా సుచరితా, వాళ్ళ నాయనా ఉన్నాడు దాని వయసులో" అంది రాజ్యలక్ష్మమ్మ. ముచ్చట ఆమెది, సుచరిత ఒప్పుకోక తప్పలేదు.

పసుపురాసిన చెంబు పట్టుకుని పాప వీధిన పడింది. ఐదిళ్ళు చాలవని తొమ్మిదిళ్ళు తిరిగింది. వాన జాడ లేని శ్రావణం, ఎండ పేలిపోతోంది. చెంబు నిండేసరికి పదకొండు దాటింది. వీధి చివరి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి దేవుడి గదిలో చెంబు దించింది. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, నామం చెమటకు కారి ముక్కు మీదికి వచ్చింది.

రాజ్యలక్ష్మమ్మ మనవరాలిని చూసి మురిసిపోయింది. స్వామి దినం. పైగా పిల్ల పరగడుపున ఉంది. ఏ మందైనా పరగడుపునే ఒంటికి పడుతుందని చిన్నప్పటి నుంచి విన్న మనిషి ఆమె. జొన్నగింజంత ఉండ చేసి, కళ్ళకద్దుకుని పాప నోట్లో పెట్టింది.

పది నిమిషాలు కాలేదు. పాప మెడ గోక్కుంది. దగ్గింది. దగ్గు ఆగలేదు. "జేజీ" అంది, ఆ గొంతు పాపది కాదు. పెదవులు చూస్తూ చూస్తూ ఉబ్బాయి. భళ్ళున కక్కుకుని పక్కకు ఒరిగింది.

ఆ దగ్గు విని వంటింట్లోంచి వచ్చిన సుచరిత ఒక్క చూపు చూసింది. ఏమైందని అడగలేదు. పై అరలోంచి ఇట్లాంటప్పటికని దాచిన స్టీలు డబ్బా లాగి, చిన్న గాజుసీసా మెడ విరిచి, డాక్టరు పెన్నుతో గీసిచ్చిన గీత దాకా సిరంజిలోకి మందు లాగింది. పాప గౌను పైకి తీసి తొడలో పొడిచింది.

"ఏం తినింది?" అంది పాపను ఎత్తుకుంటూ. "అత్తా, ఏం తినింది?"

రాజ్యలక్ష్మమ్మ భరిణెను కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది. "ఏమీ తినలా" అంది.

అంగడి నుంచి కొడుకు కిరణ్‌కుమార్ పరుగున వచ్చాడు. ఊళ్ళో డాక్టరు ఆక్సిజన్ పెట్టి, ఇంకో సూది పొడిచి, ఊపిరి కుదురుకున్నాక ఆ సిలిండరుతోనే, ఒక నర్సును తోడిచ్చి, వెంటనే కర్నూలు తీసుకుపొమ్మన్నాడు. జీపులో పాప తల్లి ఒళ్ళో పడుకుంది. ఊరు దాటాక సుచరిత ఉన్నట్టుండి అంది.

"సంచి. మొన్న సిద్దమ్మ తెచ్చిన సంచి. దండెం మీద ఆరేసినాను. ఉపాదానానికి పోతా దాన్ని పక్కకు లాగింది పాప, నేను చూసినా."

"ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు బుద్ధి లేదు" అన్నాడు కిరణ్. "ఇంక మన గడప తొక్కనిచ్చేది లేదు. నేనే పోయి చెప్తా."

రాజ్యలక్ష్మమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. విత్తనం పడక బీడుగా ఉన్న చేలు వెనక్కి పోతున్నాయి. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిస్తే కొడుకు తనను ఎట్లా చూస్తాడో? కర్నూలు వచ్చేదాకా ఆమె నోరు తెరవలేదు. బొడ్లో భరిణె గుచ్చుకుంటూనే ఉంది.

సుప్రజ పాపను పరీక్ష చేసి, సెలైను పెట్టించి, గండం గడిచిందనీ ఒకటిన్నర రోజు ఇక్కడే ఉంచాలనీ చెప్పింది. తర్వాత కుర్చీ మంచం పక్కకు లాక్కుని కాగితం తీసింది.

"ఏం తినింది?"

"ఏమీ తినలేదు డాక్టర్" అన్నాడు కిరణ్. "మా ఇంటికి ఒక పనిమనిషి వచ్చి..."

"సిద్దమ్మ కాదు" అంది రాజ్యలక్ష్మమ్మ.

భరిణె తీసి మంచం మీద పెట్టింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఆవగింజ దగ్గర మొదలుపెట్టి ఇవాళ్టి జొన్నగింజ దాకా, నాగలక్ష్మమ్మ రోలు, సిద్దమ్మ డాక్టరమ్మను అడగమన్న మాట, జీపులో తాను నోరు మూసుకున్న సంగతి, అంతా చెప్పింది. కిరణ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సుచరిత కళ్ళు భరిణె మీదే ఉన్నాయి.

డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆవగింజ, కొర్రగింజ అని కాగితం మీద వరుసగా రాసుకుంది.

"ఇవాళ పొద్దున ఏం తినింది?"

"ఒక్కపొద్దు."

"ఆడుకునిందా?"

"ఎండలో తొమ్మిదిళ్ళు తిరిగి, పరుగెత్తుకుంటూ వచ్చినాది."

సుప్రజ పెన్ను కింద పెట్టింది. "అమ్మా, నిన్న పడింది కదా అని ఇవాళ పడుతుందని లేదు. అదే ఇందులో భయం. అక్కడ పెద్దాసుపత్రుల్లో మిల్లీగ్రాములు తూచి ఇస్తారు, ఇచ్చి గంటలకొద్దీ పక్కనే కూర్చోబెట్టుకుంటారు. ఖాళీ కడుపున ఇవ్వరు, జ్వరముంటే ఇవ్వరు, పరిగెత్తి వచ్చిన ఒంటికి ఇవ్వరు, తిన్నాక పరిగెత్తనివ్వరు. అంత చేసినా కొందరు పిల్లలకు ఈ సూది పొడవాల్సే వస్తోంది. ఎంతవరకు భద్రమో వాళ్ళకే ఇంకా తేలలేదు. నేను కూడా ఆ రోజు మీ ముందర ఆ మాట ఎత్తకుండా ఉండాల్సింది, లేదంటే పూర్తిగా చెప్పాల్సింది."

"ఇరవైయొక్క రోజులు ఏమీ కాలేదు డాక్టరమ్మా. దేవుడి మీద ఒట్టు. ఒక్క దద్దురు గూడా లేదు."

డాక్టరు పాప వైపు వంగింది. "శ్రీవాసవీ, రోజూ జేజి పెట్టింది తిన్నాక నోట్లో ఏమన్నా అనిపిస్తుండెనా?"

పాప తల్లిని చూసింది, జేజిని చూసింది.

"చెప్పు నాన్నా, ఎవరూ ఏమనరు."

"నాలుక మీద చీమలు పాకినట్లుంటాది" అంది పాప బొంగురు గొంతుతో. "రోజూ. రెండుసార్లు కడుపులో నొచ్చింది."

"మరి జేజికి చెప్పలేదా?"

"చెప్తే జేజి ఆపేస్తాది. ఆపేస్తే సిద్దమ్మవ్వ వాళ్ళు మా వసారాకు రారు గదా. జేజి ఒక్కతే ఉంటాది."

రాజ్యలక్ష్మమ్మ మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. ఇరవైయొక్క రోజులు పిల్ల బాగవుతోందని మురిసింది. పిల్ల తన ముఖం చూసి ఓర్చుకుంది. ఆ ఏడేళ్ళ ప్రాణం తన కోసం రోజూ ప్రమాదాన్ని మింగి, నీళ్ళు తాగి, ఏం కాలా అంది. ఆమె ఏడ్చింది. దాచుకోకుండా, ముక్కు చీదుకుంటూ, నర్సులు చూస్తుండగా ఏడ్చింది.

చాలాసేపటికి సుచరిత వచ్చి పక్కన కూర్చుంది. "నన్ను అడిగి ఉండొచ్చు గదా అత్తా" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "సిద్దమ్మను అన్యాయంగా అనేస్తి" అంది.

రాజ్యలక్ష్మమ్మ లేచి, అమ్మ భరిణెను పొడితో సహా నర్సు చూపించిన డబ్బాలో వేసి మూత పెట్టింది.

సోమవారం ఊరు చేరారు. మంగళవారం పొద్దున్నే ఆమె నరసన్న కళ్ళానికి పోయింది. ఈసారి గోతం మీద కూర్చోలేదు. నిలబడే సిద్దమ్మకు అంతా చెప్పింది. జీపులో నీ పేరు పెట్టి తిడుతుంటే రెండు గంటలు విని ఊరుకున్నానని కూడా చెప్పింది. అది చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

సిద్దమ్మ గింజల్లోంచి చెత్త ఏరుతూ విన్నది. "పాప ఎట్లుండాది?" అంది.

"ఆడుకుంటాంది."

"అదే చాలు." ఇంకో పిడికెడు ఏరింది. "రెండు గంటలు శానా సేపు శెట్టెమ్మా."

"అవును" అంది రాజ్యలక్ష్మమ్మ. "మా అంగట్లో నాలుగు మూటల కుంకుడుకాయలుండాయి. నల్లమల సరుకు. కొట్టి గింజ తీయల్ల. మా వసారాలో" అంది. "చెనిక్కాయలు గాదు. ఆ ఇంట్లో ఇంకెప్పటికీ గాదు. నువ్వు వస్తావని అడిగేదానికి నాకు ముఖం లేదు, అయినా అడుగుతాండా."

సిద్దమ్మ ఇంకో పిడికెడు గింజలు ఒళ్ళోకి లాక్కుంది.

గురువారం పొద్దున వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తలంటుకుని వచ్చింది. వెనకాల హనుమంతమ్మా, ఇంకో ముగ్గురూ ఉన్నారు, అందరివీ ఉతికిన చీరలే. సుచరిత సబ్బుపెట్టె తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. రాజ్యలక్ష్మమ్మ దాన్ని చేతిలోంచి అందుకుని అరుగు మీద పెట్టింది. పాప రాత్రే నానబెట్టిన కుంకుడుకాయల గిన్నె తెచ్చి కొళాయి గట్టు మీద పెట్టి, చెయ్యి పెట్టి నురగ లేపడం మొదలుపెట్టింది.

"నేను ముందు" అంది రాజ్యలక్ష్మమ్మ. గాజులు పైకి నెట్టుకుని, నడివీధిలో, కొళాయి ముందు కూర్చుంది. ఎదురింటి నాగలక్ష్మమ్మ ముగ్గు ఆపి చూసింది. చూడనీ. మోచేతుల దాకా నురగ పట్టించి రుద్దుకుంది, నీళ్ళతో కడుక్కుంది, చాలనుకుని లేవబోయింది.

సిద్దమ్మ వెనక నిలబడి చూస్తోంది.

"గోళ్ళ సందులు గూడ శెట్టెమ్మా" అంది.

రాజ్యలక్ష్మమ్మ మళ్ళీ కూర్చుంది. భరిణెలో పొడి తీసిన వేలు, ఉండలు నలిపిన బొటనవేలు, ఒక్కొక్క గోరూ విడివిడిగా పట్టుకుని రుద్దుకుంటూ పోయింది. తొందరపడలేదు. పాప ఆమె ముందు గొంతుక్కూర్చుని నురగ అందిస్తూ, ఇంకా ఎన్ని వేళ్ళున్నాయో లెక్కపెడుతోంది.